జంతికల పొట్లానికి కాపలా

నేను ఒక కేపోను. పేరు వినగానే మొహం అలా పెట్టకండి. గిటారు మెడను పట్టుకుని తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపెట్టే చిన్న లోహపు బిగింపును. బట్టలారేసే క్లిప్పుకు పెద్దన్నలా ఉంటాను. నన్ను గిటారు పొట్ట వైపు ఎంత జరిపితే శ్రుతి అంత పెరుగుతుంది. వాయించేవాళ్లు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు, పాత వేళ్లతోనే పని గడిచిపోతుంది. బద్ధకానికి ఇంత మర్యాదైన పనిముట్టు ఇంకొకటి లేదని నా గర్వం.

ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. స్ప్రింగు బిగించిన రోజే పట్టుదల వచ్చింది. గ్లాస్గోలో ఒక కొట్టు అద్దాల వెనక ఉండగా ఒక పళ్ల డాక్టరు కొనుక్కున్నాడు. పెళ్లిరోజుకు భార్య ముందు పాడాలని ఆయన కోరిక. పాడాడు కూడా. ఆవిడే గిటారును అటక మీదికి ఎక్కించింది. పక్కింటి ఇష్‌బెల్ నన్ను ఒక్క సాయంత్రానికని అడిగి పట్టుకుపోయింది. ఆ సాయంత్రం ఇంకా అవలేదు. మా జాతిలో కొనుగోళ్లు తక్కువ. అడిగి తీసుకోవడం, ఇవ్వడం మరిచిపోవడం, మేం ఊళ్లు తిరిగేది ఇలాగే.

ఇష్‌బెల్ పగలు బేకరీలో రొట్టెలు కాల్చేది, సాయంత్రాలు పాటలు కట్టేది. వాటిలో ఒకటి దీవికి వెళ్లే ఆఖరి పడవను అందుకోలేకపోయిన వాళ్ల నాయనమ్మ గురించి. ఆ పాటకు నన్ను బాగా పైకి బిగించేది. గొంతు తెగేంత ఎత్తులో పాడేది. ఎత్తుగా పాడితేనే అందమని తన నమ్మకం. ఆ అందమంతా నా చలవేనని నా నమ్మకం.

అసలు కథ ఒక పబ్బు కింద, నేలమాళిగ లాంటి హాల్లో జరిగింది. ఒకే టికెట్టుకు ముగ్గురు కొత్త గాయకులు. ఇలాంటి కచేరీల్లో డ్రమ్ములు, స్పీకర్లు, పళ్లెంలో శాండ్‌విచ్‌లు అన్నీ అందరివీ. పోస్టరు మీద ఎవరి పేరు పెద్దదన్న దగ్గర మాత్రం ఎవరిది వారిదే. సౌండు చూసేది అమలాపురం త్రిమూర్తులు గారు. ఈ ఊళ్లో అవుననడానికి ‘అయ్’ అంటారు. ఆయన పుట్టిన దగ్గర్నుంచీ ‘ఆయ్’ అంటున్నారు. అందుకే వచ్చిన కొత్తలోనే ఇక్కడివారైపోయారు. ఆయన వైర్లతో పొద్దస్తమానం తెలుగులో మాట్లాడుతుంటారు, నాకీ భాష అలా అబ్బింది.

ఆ రోజు ముందు వరసలో బూడిదరంగు కోటు వేసుకుని ఒకావిడ కూర్చుంది. వేసవి సంగీతోత్సవానికి ఈ ముగ్గురిలో ఒకరిని ఎంచుకోవడానికి వచ్చింది. తనను పిలవకపోతే పాటలు కట్టిపెట్టి బేకరీలోనే స్థిరపడతానని ఇష్‌బెల్ వాళ్లమ్మకు మాటిచ్చి వచ్చింది.

ఇష్‌బెల్ కంటే ముందు పాడేది స్ట్రూవన్. మంచివాడే. ఒకసారి గిటారు ఇంట్లో వదిలేసి ఖాళీ పెట్టె మోసుకొచ్చాడు. ఈసారి కేపో మరిచి వచ్చాడు.

“ఇషీ, నీ కేపో ఒకసారి ఇవ్వవా? ఒక్క పాటకే.”

“మళ్లీ నా చేతిలోనే పెట్టాలి.”

“అయ్, అయ్.”

పాడాడు. చప్పట్లు పడ్డాయి. ఆ సంబరంలో నన్ను ప్యాంటు జేబులో వేసుకుని, వానలో బయట నిలబడి వాళ్లమ్మకు ఫోన్ చేసుకున్నాడు. నా వంతుగా తొడ మీద గట్టిగానే గిల్లాను. గోక్కుని ఊరుకున్నాడు.

మేం లోపలికి వచ్చేసరికి ఇష్‌బెల్ వేదిక మీద కంగారుగా పెట్టె తిరగేస్తోంది. “నా కేపో ఎవరైనా చూశారా?” అని మైకులో అడిగింది. అందరూ వెతికారు. స్ట్రూవన్ అయితే మోకాళ్ల మీద పాకి కుర్చీల కింద కూడా చూశాడు. నేను వాడి జేబులోనే ఉన్నాను.

“టైమైపోతందమ్మా, మొదలెట్టెయ్యి. ఆవిడ లేచెల్లిపోద్ది,” అన్నారు త్రిమూర్తులు గారు.

ఇష్‌బెల్ కళ్లు మూసుకుని, నేను లేకుండానే పడవ పాట ఎత్తుకుంది. శ్రుతి బాగా కిందికి దిగింది. ఆ అడుగున తనకొక గొంతు ఉందని తనకే తెలియదు. కాస్త బొంగురుగా, ముసలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చెప్పుకుంటున్నట్టు ఉంది. ఈ ఊరి జనం పాట నడుస్తుంటే కబుర్లు ఆపరు. ఆ వేళ ఆపారు. బారులో గ్లాసులు కడిగే చప్పుడు కూడా ఆగింది. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆ పాటను నిలబెట్టింది నేనే అనుకున్నాను. దాని మెడ పట్టుకున్నది నేనే.

పాట మధ్యలో స్ట్రూవన్ రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టి నన్ను తాకాడు. ఆ చెయ్యి పాట అయ్యేదాకా బయటికి తీయలేదు.

కోటు ఆవిడ ఎంచుకున్నది ఇష్‌బెల్‌నే. ఆవిడ వెళ్లాక స్ట్రూవన్ నన్ను అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. “కావాలని చేయలేదు, ఒట్టు.”

“తెలుసు. కావాలని చేయాలంటే గుర్తుండాలిగా,” అని నవ్వింది ఇష్‌బెల్. “నాకొద్దు, నువ్వే ఉంచుకో.”

వాడికీ మొహం చెల్లలేదు. నన్ను సౌండు బల్ల మీద పెట్టి, ఆ సంగతి కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను త్రిమూర్తులు గారి జంతికల పొట్లం మూతి బిగించి కూర్చుంటున్నాను. ఈ తడి ఊళ్లో జంతికలు కరకరలాడుతున్నాయంటే నా వల్లే. ఇష్‌బెల్ అప్పుడప్పుడు ఇక్కడికొచ్చి పాడుతుంది, పడవ పాట ఇప్పటికీ ఆ కింది గొంతులోనే. అది మొదలవగానే నేను పట్టు కాస్త వదులు చేస్తాను. మర్నాడు త్రిమూర్తులు గారు ఒకటి కొరికి, “మెత్తబడిపోయాయేంటో,” అని వానను తిట్టుకుంటారు.