ఖాళీ వదలని జవాబు

రోజలిన్‌కు చిన్నప్పటి నుంచీ చర్చిలో పెట్టే బైబిల్ క్విజ్ అంటే ప్రాణం. తెలిసిన జవాబు రాయకుండా ఖాళీ వదిలితే ఏదో పాపం చేసినట్టు కుమిలిపోయేది. అందుకే అనకాపల్లి నెట్ సెంటర్‌లో ‘బైబిల్ స్త్రీలలో మీరెవరు?’ అన్న క్విజ్ కనపడగానే కుర్చీ ముందుకు లాక్కుంది.

పుట్టిన తేదీ, మొదటి బడి, ముద్దుపేరు, ఫలితం చెప్పడానికి సెల్ నంబరు, మెయిల్ ఐడీ, అడిగినవన్నీ రాసింది. అమ్మ పుట్టింటివారి ఇంటిపేరు తప్పు పోకూడదని మునగపాకలో ఉన్న పెద్దమ్మకు ఫోన్ చేసి మరీ కనుక్కుంది. ఎస్తేరు రాణి అని ఫలితం వచ్చింది. ఆ మాయదారి మాటకు వారం రోజులు మురిసిపోయింది.

ఆ తర్వాత ఆమె మెయిల్ తెరుచుకోలేదు. నెట్ సెంటర్ నడిపే స్టాన్లీ చూసి, “పాస్‌వర్డ్ మర్సిపోయేనని సెప్పి ఎవడో మార్సేసేడక్కా. మీ అమ్మ పుట్టింటోల ఇంటిపేరు అడిగితే సరిగ్గా సెప్పేడు. ఎవలికైనా సెప్పేరేటి?” అన్నాడు.

చెప్పింది తనే, ఆ క్విజ్‌లో.

ఇంటికి వచ్చి తలుపు గడియ పెట్టింది. గడియ మీంచి చెయ్యి తీయకముందే సెల్ మోగింది.

“చిట్టెమ్మా,” అంది ఎరగని మగ గొంతు.

అమ్మ పోయాక ఆ ముద్దుపేరుతో పిలిచినవాళ్లు లేరు.

“ఒక్క ప్రశ్న మిగిలిపోయింది. ఇంట్లో ఒక్కదానివేనా?”

ఎన్నేళ్ల అలవాటో. భయం వేస్తున్నా నోరు దానంతటదే తెరుచుకుంది.

“అవును,” అంది రోజలిన్.