కాజాలు కుట్టే మనిషి

ప్రతి ఉదయం టీ తాగాక ఆయన ఎవరినో ఒకర్ని చంపడానికి కూర్చునేవాడు. వరండా పక్క గదిలో కిటికీ కింద బల్ల, బల్ల మీద తెల్లకాగితాలు, మూత పోయిన కలం. మధ్యాహ్నం భోజనం వేళకి శవం తయారయ్యేది. "ఇవాళ ఎవరు పోయారు?" అని భార్య వడ్డిస్తూ అడిగేది. బ్యాంకు మేనేజరనో, ఆస్తి ఉన్న మేనత్తనో ఆయన చెప్పేవాడు. "అయ్యో పాపం" అని ఆవిడ ఇంకో గరిటె వేసేది. ఆ నవలలు ఆవిడ ఒక్కటీ చదవలేదు. చచ్చేవాళ్ళెవరో అన్నం దగ్గరే తెలిసిపోయాక ఇంక చదవడానికేముంది అనేది. వీధిలో అందరూ ఆ ఇంటిని హత్యలాయన ఇల్లు అంటారు. ఆయనకి ఆ పేరంటే లోలోపల ఇష్టమే.

టపాలో కొత్త రచయితల నవలలు వచ్చేవి, ఓ మంచి మాట రాసిపెట్టమని. ఆయన ముందు చివరి పేజీ తిప్పేవాడు. హంతకుడెవరో తెలిస్తే మిగతాదంతా ఊకే అని ఆయన సిద్ధాంతం. ఆ తర్వాత "కొత్తవాళ్ళు బాగా రాస్తున్నారు" అని రాసి పంపేవాడు. సభల్లోనూ అదే మాట. ఏ కొత్తవాళ్ళు అని ఎవరైనా నిలదీస్తే గొంతు సవరించుకుని మంచినీళ్ళు అడిగేవాడు. తోటి రచయితల్ని పేరు పెట్టి పొగడాలంటే ఆయనకి ప్రాణం మీదికొచ్చేది. ఆయన లెక్కలో మంచి రచయిత అనిపించుకోవాలంటే ముందు చచ్చిపోవాలి.

అలాంటి మనిషికి ప్రచురణకర్త ఒక నవల అచ్చుప్రతులు పంపించాడు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే అమ్మాయి రాసిన మొదటి నవల. ఆవిష్కరణ సభలో మీరే మాట్లాడాలి అన్నాడు. తీరా చూస్తే చివరి ఫారం, అంటే ఆఖరి పదహారు పేజీలు, లేదు, ఇంకా ప్రెస్సులోనే ఉందట. చేసేదిలేక ఆయన మొదటి పేజీ నుంచి చదవాల్సి వచ్చింది.

ఒక టైలరింగు షాపు కథ అది. కొత్తగా పనిలో చేరిన కుర్రపిల్ల, అందరికంటే బాగా కుట్టే పిల్ల, ఒకరోజు షాపులోనే శవమై కనిపిస్తుంది. ఆయన భోజనానికి కూడా లేవకుండా చదివాడు. "షాపు యజమానే చంపాడు. రాసిపెట్టుకో" అని భార్యతో పందెం కాశాడు. మర్నాడు చివరి ఫారం వచ్చింది. చంపింది యజమాని కాదు, మూల కూర్చుని కాజాలు కుట్టే మనిషి. ప్రతి అధ్యాయంలోనూ ఉన్నాడు. కాజా కుట్టడం, దారం తెంపడం, గుండీ అందించడం, అంతా కళ్ళెదుటే. మూడో పేజీకల్లా హంతకుడి వాసన పట్టే ఆయన ముక్కు ఈసారి పనిచెయ్యలేదు.

పుస్తకం మూసిన క్షణంలో ఆయనకి నిజంగా ఆనందం కలిగింది. ఎంత బాగా దాచింది ఈ పిల్ల అనుకున్నాడు. ఆ వెంటనే గూట్లో వరసగా ఉన్న తన నవలల వైపు చూశాడు. ముప్పై ఏళ్ళుగా చంపుతున్నాడు, తన నవలల్లో ఇలాంటి మూల ఒక్కటీ లేదు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఎవర్నీ చంపలేకపోయాడు.

సభ బాగా జరిగింది. హాలు నిండింది. ఆయన చాలాసేపు మెచ్చుకున్నాడు, ఆ అమ్మాయిని పేరు పెట్టి మరీ మెచ్చుకున్నాడు. చివర్లో అన్నాడు: "ఆ కాజాలు కుట్టే మనిషే హంతకుడని నాకే ఆఖరి పేజీ దాకా తెలియలేదంటే చూడండి."

హాలు ఒక్కసారి చప్పబడింది. ఆయన నాలిక్కరుచుకుని "అయ్యయ్యో, నోరు జారాను" అన్నాడు. జనం నవ్వి చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. పెద్దవాళ్ళు పొరపాటు చేస్తే నవ్వి ఊరుకునే పద్ధతి గల పిల్ల. మర్నాడు పేపర్లో ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. అది పొరపాటు కాదని ఆయన ఒక్కడికే తెలుసు. సభకి బయలుదేరే ముందు గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకుని ఆ వాక్యం చెప్పుకున్నాడు, కుదిరేదాకా చెప్పుకున్నాడు.

ఆ వారంలోనే ఒక ఉదయం వరండా బల్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మెడలో టేపు, చొక్కా జేబుకి గుచ్చిన సూదులు, వేలికి సూది గుచ్చుకోకుండా ఇనప తొడుగు.

"ఎవరు కావాలి అన్నయ్యగారూ?" అంది ఆయన భార్య.

"నా చోటు పోయిందమ్మా. సారు సభలో నా సంగతి చెప్పేశారు. గుట్టు తెలిసిపోయాక అక్కడ కూర్చోవడానికి మొహం చెల్లలేదు. ఇంకెక్కడికెళ్ళాలో తెలియక ఇలా వచ్చాను."

"మంచిపని చేశారు. కూర్చోండి, టీ తెస్తాను."

గుట్టు బయటపడ్డవాళ్ళు పుస్తకాల్లో ఉండలేరన్నది అందరికీ తెలిసిందే. వెనకటికి ఇంకొకరి నవల్లోంచి వచ్చేసిన దొంగ ప్రచురణకర్త గోడౌన్లో ఒక వానాకాలమంతా గడిపాడు, కట్టలు మోసిపెట్టాడు, మంచివాడే. ఈ కాజాలాయన కూడా ఊరికే కూర్చునే రకం కాదు. సాయంత్రానికి ఇంట్లో ఉన్న చొక్కాలన్నిటికీ గుండీలు కుట్టేశాడు. మర్నాటి నుంచి పక్కింటివాళ్ళు బట్టలు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ కత్తెర కూడా ఆయన చేతికే ఇచ్చింది. హంతకుడు కదే అని భర్త గొణిగితే, "అది పుస్తకంలో సంగతి. ఇక్కడ అన్నయ్యగారు ఏం చేశారు పాపం?" అంది.

ఆ మాటకి ఆయన తలెత్తలేకపోయాడు. ఇక్కడ ఎవరు ఏం చేశారో ఆయనకి తెలుసు.

ప్రచురణకర్త వచ్చి వరండాలో కుర్చీ లాక్కున్నాడు. "ఆ అమ్మాయి పుస్తకాలు వెనక్కొస్తున్నాయండీ. కాజాలాయన ఉండాల్సిన చోటల్లా తెల్లగా ఉంది. ఎవరు చంపారో తెలియని నవల ఎవరు చదువుతారు? చివరికి తూకానికి వెయ్యాల్సిందే." ఓసారి బల్ల వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈయన్ని వెనక్కి పంపించరాదూ?"

"వెళ్ళనంటున్నాడు."

"అయితే ఆ చోట్లో ఇంకెవరో ఒకరు కూర్చోవాలి. చెయ్యని హత్య మీదేసుకుని ఎవరు కూర్చుంటారు లెండి. సరేగానీ, మీ కొత్త నవల ఎక్కడిదాకా వచ్చింది?"

ఆయన కొత్త నవల ఎక్కడిదక్కడే ఉంది. బ్యాంకు మేనేజరు ఒకడు మొదటి అధ్యాయం నుంచి చావడానికి సిద్ధంగా ఉన్నాడు, ఈయనకే చెయ్యి రావడం లేదు.

కళ్ళు మసకబారాయన్న వంక పెట్టుకుని ఆయన కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాడు. ఆ అమ్మాయి లేచి నిలబడి నమస్కారం పెట్టింది, కుర్చీ తుడిచి కూర్చోబెట్టింది. బరువైన ఇనప ఫ్రేము ముక్కు మీద పెట్టి, అందులో ఒక్కో అద్దం వేస్తూ, "కింది వరస చదవండి సార్" అంది. ఆయన చదివాడు.

"రెండో నవల మొదలుపెట్టానని సభలో అన్నావు కదమ్మా. ఎంతవరకొచ్చింది?"

"ఆపేశాను సార్. ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా?"

"ఇదే. ఎందుకాపావు?"

"ఇంట్లో సరదాకి రాస్తున్నాననే అనుకున్నారు. ఈ పుస్తకం ఆడితే అప్పుడు చూద్దాంలే అన్నారు నాన్న. ఆడలేదుగా. ఆదివారాలు కూడా షాపుకి వస్తానని ఒప్పుకున్నాను. ఇదివరకు ఆదివారాలే రాసుకునేదాన్ని." అద్దం తీసి మెత్తని గుడ్డతో తుడిచింది. "మీరేం మనసులో పెట్టుకోకండి సార్. నోరు జారడం ఎవరికైనా ఉంటుంది. మెచ్చుకోబోయి అన్నారు. అడిగినవాళ్ళందరికీ నేనదే చెప్తున్నాను."

జారలేదమ్మా అన్న మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి, వెనక్కి పోయింది. ఎన్ని హత్యలు రాశాడు, ఎంతమంది చేత నేరం ఒప్పించాడు, తన నోట్లోంచి ఆ ఒక్క మాట రాలేదు. తిట్టి ఉంటే బాగుండేది అనుకున్నాడు. అవసరం లేని కళ్ళజోడుకి కొలతలిచ్చి, సిగ్గుతో ఇంటికొచ్చాడు.

వరండాలో కాజాలాయన ఎవరిదో కోటు మీద వంగి ఉన్నాడు. ఈయన వెళ్ళి పక్కన చతికిలబడ్డాడు.

"అక్కడ, పుస్తకంలో, ఎలా ఉంటుంది?"

"ఏముంటుంది సార్, మూల. మనకి అందరూ కనిపిస్తారు, మనమే ఎవరికీ కనిపించం. చివర్లోనే కాస్త కష్టం."

"ఏమిటది?"

"ఎందుకు చంపావని అడుగుతారు. అక్కడ అబద్ధం నిలవదు. నన్నెవరూ మనిషిగా చూడలేదు, అందుకని చంపానని చెప్పాను నేను. అది నిజమే కాబట్టి నిలిచింది."

ఆయన లేచి వెళ్ళి ఆ పుస్తకం తెచ్చాడు, తెల్లగా ఉన్న చోట తెరిచి బల్ల మీద పెట్టాడు. తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది.

"ఎక్కడికండీ?"

"ఇందులోకి. సాయంత్రానికి వచ్చేస్తాను."

"కోటు వేసుకెళ్ళండి. ఒట్టి చొక్కాతో ఏం బాగుంటుంది" అంది ఆవిడ.

తక్కువ ఎత్తు గుమ్మంలోకి తల వంచి వెళ్ళినట్టు ఆయన లోపలికి వెళ్ళాడు. టైలరింగు షాపు రాసినట్టే ఉంది. మిషన్ల చప్పుడు, ఇస్త్రీపెట్టె వేడి, కాళ్ళ కింద గుడ్డపీలికలు. కాజాలు కుట్టడం ఆయనకి చేతకాదు. అందుకని కోటు వదులు చేయించుకోవడానికి రోజూ వచ్చి మూల స్టూలు మీద కూర్చునే పెద్దమనిషి అయ్యాడు. పుస్తకాలు రాసుకునేవాడు, మర్యాదస్తుడు, ఎవరూ అనుమానించరు. కొత్తపిల్ల పని ఆపకుండానే ఆయన్ని చూసి నవ్వింది. ఆ చేతిలో కుట్టు నీటుగా సాగుతుంటే ఆయన చూపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత జరగాల్సిందంతా జరిగింది. చివరికి షాపులో అందరూ చుట్టూ నిలబడి, ఎందుకు చంపారు అని అడిగారు.

"చెయ్యి జారింది" అన్నాడాయన. అక్షరాలు పేజీ మీద నిలవకుండా రాలిపోయాయి.

"నేను కావాలని చెయ్యలేదు" అన్నాడు. అవీ రాలిపోయాయి.

అందరూ ఓపిగ్గా చూస్తున్నారు. ఆయనకి ఏడుపొచ్చింది. "ఆ పిల్ల నాకంటే బాగా కుట్టింది. నేను చూడలేకపోయాను. ముందే అనుకుని చేశాను" అన్నాడు. అక్షరాలు నిలిచాయి.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చాడు. భార్య కోటు అందుకుని వంకెకి తగిలించింది. కాజాలాయన మరి వెనక్కి పోలేదు. వీధి చివర ఒక గొడుగు, ఒక స్టూలు వేసుకుని కుట్టుపని పెట్టుకున్నాడు, ఇప్పుడు అందరూ ఆయన్ని పలకరించే వెళ్తారు.

పుస్తకాల్లో తెల్లచోట్లన్నీ నిండాయి. సభలో చెప్పిన హంతకుడు హంతకుడు కాదట అన్న మాట పొక్కింది. మరెవరో తెలుసుకుందామని జనం కొన్నారు. ప్రచురణకర్త రెండో ముద్రణ వేశాడు. ఆ అమ్మాయికి ఆదివారాలు తిరిగొచ్చాయి. కళ్ళజోడు ఇవ్వడానికి తనే ఇంటికొచ్చింది, తన పుస్తకం కొత్త ముగింపు చదివే వచ్చింది. నమస్కారం పెట్టింది కానీ ఈసారి నవ్వలేదు. రెండో నవల కట్ట బల్ల మీద పెట్టి, "చదివి చెప్పండి సార్. చివరి ఫారం మాత్రం అచ్చయ్యాకే ఇస్తాను" అంది. ఆయన అలాగేనమ్మా అన్నాడు. అంతకంటే ఎక్కువ అడిగే హక్కు తనకి లేదని తెలుసు.

ఎవరు చదివారో ఎవరు చదవలేదో ఆయనకి మొహం చూస్తే తెలిసిపోతుంది. లైబ్రరీ ఆవిడ చదివింది, పుస్తకం అందించి చెయ్యి చప్పున వెనక్కి తీసుకుంది. పాలాయన చదవలేదు, మామూలుగానే నవ్వుతాడు. ఒకరోజు బస్సులో ఒకతను పక్క సీట్లోంచి లేచి వెళ్ళి దూరంగా నిలబడ్డాడు. ఆయనకి కష్టంగానే ఉంటుంది, కాదనడానికి మాత్రం నోరు రాదు.

మొన్న మంగలి షాపులో కూర్చున్నాడు. పక్క కుర్చీలో మనిషి ఒళ్ళో ఆ పుస్తకమే, సగంలో వేలు పెట్టి ఉంది. "నువ్వు చదివావటగా. ఎవరు చంపారయ్యా?" అని మంగలిని అడిగాడు. మంగలి కత్తి ఈయన గడ్డం మీద ఉంది. అద్దంలో ఈయన కళ్ళలోకి చూశాడు. చూసి, "నేనెందుకు చెప్తానండీ, ఆ అమ్మాయి అంత కష్టపడి దాచుకుంటే. మీరే చదువుకోండి" అని మళ్ళీ పనిలో పడ్డాడు. ఊళ్ళో చదివినవాళ్ళెవరూ చదవనివాళ్ళకి చెప్పలేదు. ఆయన అద్దంలోంచి కళ్ళు దించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాక భార్య రోజూ అడిగే ప్రశ్న అడగలేదు. కొత్తగా ఎవరూ చావడం లేదని ఎలాగూ తెలుసు. గూట్లో ఆ అమ్మాయి నవల ఉంది, చివరి పేజీలోంచి గుర్తుగా పెట్టిన దారప్పోగు వేలాడుతోంది.

"చదివావా?" అన్నాడు.

"చదివాను. ఆ రోజు మీరు గడ్డం గీసుకుంటూ అద్దం ముందు ఆ మాట చెప్పుకోవడం విన్నాను. పుస్తకంలోనైనా ఒప్పుకున్నారా లేదా అని చూశాను."

ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "విన్నావా? మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశాను" అని ఆవిడ ఇంకో గరిటె వేసింది.