తల్లి వరి కోసిన పూట

నాది పెద్ద నోరు. దాచుకునేదేం లేదు. మా అమ్మ పెలబుహాన్‌రాతు రేవులో చేపలమ్మేది. అలల హోరు దాటి, పక్క గంపల వాళ్ల అరుపులు దాటి కొనేవాళ్ల చెవిన పడాలి కాబట్టి మా ఇంటిల్లిపాదికీ గట్టి గొంతులే. అలాంటిదాన్ని తెచ్చి ఈ కొండ మీద చిలంపింగ్‌లో కోడల్ని చేశారు. ఇక్కడి వాళ్లు వరిచేలో దగ్గు వస్తే కూడా మొహం అవతలికి తిప్పుకుంటారు. నేను వంటింట్లో ఉప్పు అడిగితే కింది మడిలో గేదె తలెత్తి చూస్తుందని తొమ్మిదేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

ఆ యేడు తల్లి వరి కోసే పని నామీద పడింది.

మా దగ్గర ఏ ఇంటి చేను కోయాలన్నా ముందు ఆ ఇంటి ఆడమనిషి తల్లి వరి కోయాలి. పైమడిలో, నీళ్లు లోపలికి దిగే మూల విడిగా నాటిన ఏడు దుబ్బులే తల్లి వరి. కొడవలి చూస్తే వడ్ల తల్లి బెదురుతుందని, అరచేతిలో దాగిపోయే చిన్న కత్తితో ఒక్కొక్క కంకే కోస్తాం. తెల్లవారుతూనే స్నానం చేసి గడప దాటినప్పటి నుంచి, ఆ కంకులు కట్టి, గుడ్డలో చుట్టి తెచ్చి గాదెలో పడుకోబెట్టేదాకా కోసే మనిషి నోరు విప్పకూడదు. విప్పిందా, తల్లి వెళ్లిపోతుంది. ఇక ఆ చేలో ఎంత పండినా ఒక్క గింజ ఆ ఇంటి గాదెకెక్కకూడదు. వడ్లు అమ్ముకోవడం మాలో ఎప్పుడూ లేదు. కోతకు వచ్చినవాళ్లు పంచుకుని పట్టుకుపోవాల్సిందే.

మాకు యేడాదికి ఒకే పంట. కిందటేడు సగం ఎలుకల పాలయింది. గాదెలో ఇక అడుగు వరస పనలే మిగిలాయి. ఈ పంట ఇంటికి రాకపోతే వానాకాలం నుంచీ కర్రపెండలమే గతి.

ఎప్పుడూ తల్లి వరి కోసేది మా అత్తగారు రుమ్సి. ఊరందరికీ ఆమె అంబు, అంటే అమ్మ. నేనూ అలాగే పిలుస్తాను. ఆ యేడు చలికి ఆమె కుడిచేతి వేళ్లు బిగుసుకుపోయి కత్తి పట్టడానికి రాలేదు. ముందు రోజు సాయంత్రం నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నియమాలు చెబుతోంటే మా ఆయన చిన్నాన్న ఓదీ కాఫీకని వచ్చి కూర్చున్నాడు.

"వదినా, నీ కోడలి నోటికి అరిటాకు కట్టి పంపు. లేకపోతే సగం దారిలోనే వడ్ల తల్లిని పలకరిస్తుంది."

"నీ నోటికేం కట్టాలో ముందు నువ్వు చెప్పు చిన్నమామా," అన్నాను.

"చూశావా వదినా! ఇప్పుడే ఆగలేకపోతోంది. పందెం వేస్తావా? నా ఎర్ర పుంజు."

"నీ పుంజు ముసలిదైపోయింది, ఉడకను కూడా ఉడకదు. తాగి పోరా," అంది అంబు. తర్వాత నావైపు తిరిగింది. "చూడమ్మాయ్. నాలిక కొరుక్కుంటావో, పళ్లు బిగబడతావో నీ ఇష్టం. తేలు కుట్టినా నోరు లేవకూడదు."

"నిజంగా కుడితే?"

"కుట్టించుకో. నేను కుట్టించుకోలా?"

ఆమె నవ్వలేదు. అంబు నా ముందు నవ్వడం నేను ఎక్కువసార్లు చూడలేదు. తొమ్మిదేళ్లలో మొదటిసారి గాదె తాళం తీసి నా ఒళ్లో పెట్టింది. రేపు ఒక్క పూట నోరు మూసుకుంటే చాలు, నేను ఈ ఇంటి మనిషినైపోతాను అనుకున్నాను.

రెండు రోజులు కురిసిన వాన ఆ తెల్లవారి ఆగింది. స్నానం చేసి, తెల్లరవిక తొడుక్కుని, మాట్లాడకుండా గడప దాటాను. వెనక మా ఆయన దర్సా, అంబు, ఊరిపెద్ద అబా నార్జా, కోతకు పిలిచిన పన్నెండు మంది. ఓదీ చిన్నమామ కూడా ఆ పన్నెండులో ఒకడు. దారి పొడుగునా నా పక్కనే నడుస్తూ కనుబొమ్మలెగరేస్తాడు, దగ్గుతాడు, "అయ్యో కర్సీ, నీ జడలో జెర్రి," అంటాడు. నేను పళ్లు బిగబట్టి నడిచాను. అబా కసిరాక గానీ వదలలేదు.

రెండో మడి గట్టున కాపలా పాక ఉంది. అందరూ దాని ముందు, కొండకు వీపు పెట్టి, తలలు దించుకుని కూర్చున్నారు. తల్లి వరి కోస్తుంటే ఎవరూ చూడకూడదు. నేను ఒక్కదాన్నే పైమడి ఎక్కాను. మడికి అవతల నిటారుగా కొండ ఒడ్డు, ఒడ్డు మీద వెదురుపొద, రెండు తాటిచెట్లు. ఒడ్డులోంచి వచ్చే ఊటనీళ్లు వెదురుగొట్టంలోంచి మడిలోకి పడుతుంటాయి. కాళ్లు కడుక్కుందామని గొట్టం కింద పెట్టాను. నీళ్లు ఎర్రగా వచ్చాయి. రెండు రోజుల వాన కదా అనుకుని దుబ్బుల దగ్గరికి వెళ్లిపోయాను.

ఒక దుబ్బు కోశాను. రెండు. మూడు. ప్రతి కంకినీ వేళ్ల మధ్యకు తీసుకుని నెమ్మదిగా తెంపుతున్నాను. ఐదో దుబ్బు దగ్గర ఉండగా నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

ఆ గొట్టం ఎండాకాలంలో కూడా ఆగదు. తలెత్తి చూశాను. చివర్నుంచి ఒక్కో చుక్క రాలుతోంది. ఎక్కడో ఆకులు అడ్డుపడి ఉంటాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంకా రెండు దుబ్బులే కదా. ఆరోది కోశాను. ఒడ్డు మీంచి చిన్న రాయి ఒకటి దొర్లి మడిలో పడింది. తర్వాత ఇంకొకటి.

ఏడో దుబ్బులో చెయ్యి పెట్టినప్పుడు చూశాను. పొద్దున నిటారుగా ఉన్న తాటిచెట్టు ఇప్పుడు నావైపు వంగి ఉంది. దాని మొదట్లో జానెడు వెడల్పున నేల నోరు తెరుచుకుంది. ఒడ్డు మధ్యలో మట్టి ఉబ్బుతోంది.

ఒడ్డు కదిలితే నా మడి మీదుగా నేరుగా పడేది ఆ పాక మీదే. అక్కడ పదిహేను మంది కొండకు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు.

గట్టు చివరికి పరిగెత్తి రెండు చేతులూ ఎత్తి ఊపాను. జుట్టు విడిపోయింది. పక్కకి పొండి, పక్కకి పొండి అని చేతులతోనే తోశాను. నా అడుగుల చప్పుడుకి అబా నార్జా కాస్త తల తిప్పి చూశాడు. ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"వడ్ల తల్లి పూనింది," అన్నాడు. "తలలు ఆన్చండి. ఎవరూ కదలొద్దు."

అందరూ నుదుళ్లు నేలకు ఆన్చారు. ఎప్పుడూ దేనికీ సరిగ్గా తల వంచని ఓదీ చిన్నమామ కూడా బోర్లా పడుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఒంగి మట్టిబెడ్డ తీసి మా ఆయన వీపుకేసి గట్టిగా విసిరాను. సరిగ్గా తగిలింది. ఆ మహానుభావుడు వెనక్కి తిరగలేదు. చెయ్యి చాపి ఆ మట్టి తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

అంబు ఒక్కతే నావైపు చూస్తోంది. మోకాళ్లు వంగవు కాబట్టి ఆమె పాక మెట్టు మీద కూర్చుంది. నా మొహం చూసి నాకు నోరు ఆగడం లేదని ఆమెకు అర్థమైంది. ఎందుకాగడం లేదో మాత్రం తెలియలేదు. బిగుసుకుపోయిన వేలు ఎత్తి పెదాల మీద పెట్టుకుంది. వద్దు, అని తల అడ్డంగా ఊపింది.

నేను ఆగాను. అంత జరిగాక కూడా ఆగాను. గాదెలో అడుగు వరస కళ్లలో మెదిలింది. కిందనున్న ఐదు మళ్లలో బంగారంలా పండిన వరి కనిపించింది. అరిస్తే ఇదంతా పరాయివాళ్ల ఇళ్లకు పోతుంది. అరిచాక ఒడ్డు పడకపోతే? నోరు ఆపుకోలేని రేవు మనిషి ఇంటి పంటంతా పోగొట్టిందని నేను బతికున్నన్నాళ్లూ చెప్పుకుంటారు. నా వెనక ఏదో తెగుతున్న చప్పుడు వినబడింది. భూమిలోపల వెదురు వేళ్లు ఒక్కొక్కటే తెగుతున్నాయి.

"లేవండ్రా! కొండ జారుతోంది! పక్కకి, అరటితోటలోకి! లేవండ్రా దిక్కుమాలినోళ్లారా!"

రేవులో మా అమ్మ కూడా అంత గట్టిగా అరిచి ఉండదు.

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ఓదీ చిన్నమామ తలెత్తి, "చెప్పానా వదినా, పందెం..." అన్నాడు. అంబు అప్పటికే నన్ను దాటి పైకి చూసింది. కర్ర తీసుకుని అతని వీపు మీద ఒక్కటి వేసింది. "కొండరా! చూడు! పరిగెత్తండి!" అని, అందినవాళ్లనల్లా కర్రతో బాదింది. అప్పుడు లేచారు. కాళ్లకు కాళ్లు తగులుకుంటూ, పండిన వరిని తొక్కుకుంటూ అరటితోటవైపు పరిగెత్తారు. ఎన్‌చుమ్ అనే అమ్మాయి చంకలో పిల్లతో గట్టు మీద పడింది. మా ఆయన ఆమెను లేపి తోసి, మళ్లీ వెనక్కి వెళ్లాడు. అబా నార్జా ఇంకా పాక ముందే నిలబడి ఏదో గొణుగుతున్నాడు. "ఏవయ్యా, రావయ్యా!" అని గొంతు చించుకుంటూ నేను అడ్డగట్టు మీద పరిగెత్తాను. దర్సా ముసలాయన్ని వీపున వేసుకుని తోట అంచు చేరేసరికి వెనక నేల కదిలింది.

ముందు వెదురుపొద వచ్చింది. నిలబడింది నిలబడినట్టే, కొమ్మయినా ఊగకుండా మా మడి మీదికి నడిచి వచ్చింది. దాని వెనక ఎర్రమట్టి. పైమడి పోయింది. పాక పోయింది. రెండో మడి సగం పోయింది. తర్వాత అంతా ఆగింది. కింది మళ్లలో వరి ఒక్క కంకి కూడా వంగకుండా అలాగే నిలబడి ఉంది.

నా గుప్పిట్లో కోసిన కంకులు నలిగిపోయి ఉన్నాయి. మొదట మాట్లాడింది ఎన్‌చుమ్. పిల్లను గుండెకు అదుముకుని, నావైపు చూడకుండా అంది. "తల్లి వరి కోస్తూ అంత అరుపు అరిస్తే... కొండ బెదరదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "నేనరిచానని కొండ పడిందా? పడుతుంటే అరిచానే! నీ చంకలో పిల్లని అడుగు, అది చెబుతుంది!"

"ఊరుకో కర్సీ," అన్నాడు మా ఆయన. ఆయన పళ్లు టకటకలాడుతున్నాయి.

అందరూ అబా నార్జా వైపు చూశారు. ఆయన ఇంకా కిందే కూర్చుని ఉన్నాడు. "అమ్మాయి చేసింది తప్పు కాదు," అన్నాడు చివరికి. "అది నోరు తెరవకపోతే నేను ఆ మట్టి కింద ఉండేవాణ్ణి. మిమ్మల్ని కదలొద్దన్నవాణ్ణి నేనే." "కానీ తల్లి కంకులు కట్టకముందే..." అని ఆగి అంబు మొహం చూశాడు. ఆ తర్వాతి మాట ఆయన నోటితో అనలేకపోయాడు.

అంబే అంది. "మిగిలింది కోసుకుని పంచుకోండి. మా గాదెకు తేవద్దు."

"వదినా, ఈ ఒక్కసారికీ..." అన్నాడు ఓదీ చిన్నమామ. ఇప్పుడతని మొహంలో వేళాకోళం లేదు.

"నీకొక రూలు, నాకొక రూలా? కోసుకోండి."

మూడు రోజులు కోశారు. ఆ మూడు రోజులూ నేను అంబుతో మాట్లాడలేదు. ఆమె నాతో మాట్లాడలేదు. ఆమె చేతిని తలుచుకుంటే, పెదాల మీద పెట్టుకున్న ఆ వేలిని తలుచుకుంటే నాకు మండిపోయేది. ఇంట్లో వంట నిశ్శబ్దంగా జరిగింది. గేదె కూడా ఆశ్చర్యపోయి ఉంటుంది.

మూడోరోజు సాయంత్రం పనలు మోసుకుంటూ అందరూ మా ఇంటి ముందు నుంచే వెళ్లారు. వేరే దారి లేదు. నేను అరుగు మీద నిలబడ్డాను. మా వరి కావిళ్ల మీద ఊగుతూ పోతోంది. ఎవరూ నాతో చూపు కలపలేదు. ఎన్‌చుమ్ తల వంచుకుని దాదాపు పరిగెత్తింది. ఓదీ చిన్నమామ మా గడప ముందు కావడి దించి, ఏం చెయ్యాలో తెలియక, మళ్లీ ఎత్తుకుని వెళ్లిపోయాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే చూసిందే చూస్తూ నిలబడ్డాను.

అంబు వచ్చి నా పక్కన నిలబడింది. పెదాలు కదులుతున్నాయి. ఎన్ని పనలు పోయాయో లెక్కపెడుతోంది కాబోలు అనుకున్నాను.

చివరివాడు మలుపు తిరిగాక ఆమె ఊపిరి వదిలింది.

"పన్నెండు మందీ వెళ్లారు," అంది. "ఆ ముసలాయన, దర్సా, నువ్వు, నేను. పదహారు."

నేను ఆ మలుపు వైపే చూస్తూ ఉన్నాను.

"ఒడ్డు జారేముందు ఊట ఆగుతుంది. నీళ్లెప్పుడాగాయి?" అని అడిగింది.

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "ఐదో దుబ్బు దగ్గర."

"అంతా చూసి కూడా, నేను వేలు పెట్టుకుంటే ఆగావు."

"మీరే కదా వద్దన్నారు!"

"అన్నాను." ఆమె తన చేతివంక చూసుకుంది. ఆ వేళ్లను రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. తొమ్మిదేళ్లలో ఆమె కంట నీళ్లు అప్పుడే చూశాను. "వచ్చే యేడూ నువ్వే కొయ్యాలి."

"మళ్లీ నోరు తెరిస్తే?"

"ఈసారి నీళ్లాగిన వెంటనే తెరువు," అంది అంబు. "నా మొహం చూడకు."