చిలుకమ్మ దిగిన నీళ్లు

పదకొండు రోజుల బాలింతను నడుం లోతు మురుగునీళ్లలోకి దించడం నేను కళ్లారా చూశాను. చూస్తూ ఊరుకున్నాను. అందుకే ఇప్పుడు మీ అందరి ముందు చెప్తున్నాను.

అది డెబ్బై తొమ్మిది, కార్తీక మాసం. మాది వరంగల్ కొత్తవాడలో మగ్గం నేసే ఇల్లు. నేను డిగ్రీ చదువుతున్నాను. వృక్షశాస్త్రం పరీక్షకు మందార కుటుంబపు మొక్కలు సేకరించి, ఎండబెట్టి, అట్టల మీద అతికించి ఇవ్వాలి. వాటి కోసమే నర్సంపేట అవతల పల్లెలో ఉన్న మా చిన్నమ్మ ఇంటికి వచ్చాను.

చేనూ చెలకా చూపించమని చిన్నమ్మ సోమక్కను తోడిచ్చింది. సోమక్క కూలిమనిషి. నలభై ఐదేళ్లుంటాయి. నేను పత్తి పువ్వునూ బెండ పువ్వునూ గోగు పువ్వునూ పక్కపక్కన పెట్టి, ఐదు రేకుల నడుమ కేసరాలన్నీ ఒకే గొట్టంలా కలిసి ఉండటం చూపించాను.

"పువ్వు దాక ఎందుకు బిడ్డా?" అంది సోమక్క. "కాడ ఇరిచి చూడు. జిగట ఉంటది. తోలు ఒలిస్తే పీచొస్తది. బెండ గంతే, తుత్తురుబెండ గంతే, గోగు గంతే. అన్నీ ఒక్కింటియే."

గోగు ఆకు కూరకు, గింజ నూనెకు, నార తాళ్లకు, ఒలిచిన పుల్ల పొయ్యిలోకి. ఆ మొక్కలో పారేసేదేమీ లేదని చెప్పింది. ఆ ఊళ్లో పారేసేది మనుషులనేనని నాకు మర్నాడు తెలిసింది.

గోగు కోసి, కట్టలు కట్టి, రెండు వారాలు కుంటలో మురగబెడతారు. నార వదులైనప్పుడే నీళ్లలో నిలబడి ఒలవాలి. నాలుగైదు రోజులు ఆలస్యమైతే నారే కుళ్లిపోతుంది. దొర గోగును ఒలవడం ఆ ఊళ్లో వెట్టి. ఇంటికొక ఆడమనిషి దిగాల్సిందే. దొర కుంటలో కూలివాళ్లను తమ నాలుగు కట్టలు కూడా వేసుకోనిస్తున్నందుకట!

పొద్దున్నే దొర మనిషి వెంకట్రాజం సోమక్క వాకిట్లో నిలబడ్డాడు.

"నేనొస్తాన పటేలా," అంది సోమక్క.

"నువ్వు నీ ఇంటి తరఫున. నీ బిడ్డ దాని మొగడు కొమురెల్లి ఇంటి తరఫున. ఇద్దరు రావాలె."

"కని పదకొండొద్దులే అయితాంది. జర చూడు పటేలా, నీకూ ఆడబిడ్డలున్నరు."

"గడికి పోయి దొరకు చెప్పుకో."

సోమక్క బిడ్డ చిలుకమ్మ లేచింది. ఇరవై ఏళ్ల పిల్ల. పసిగుడ్డును పొరుగింటి బక్కమ్మ చేతికిచ్చి, "ఏడిస్తే పిలువు అత్తా," అని తల్లితో కుంటకు వెళ్లి నీళ్లలోకి దిగింది. నల్లటి నీళ్లు, ముక్కులు పగిలే కంపు, జలగలు. గంట గడవకముందే అడుగునున్న గోగు మోడు మడమలో దిగింది. గట్టెక్కి, చిరుగుపేలిక కట్టుకుని మళ్లీ దిగింది. నేను గట్టు మీద పుస్తకం పట్టుకుని నిలబడ్డాను.

నాలుగు రోజులు ఒలిచింది. తరువాత జ్వరం. ఎనిమిదో రోజు పొద్దున పళ్ల సందుల నుంచి మాట్లాడింది.

"అవ్వా... నోరు తెర్వొస్తలేదే."

కొమురెల్లి బండి కోసం గడికి పరుగెత్తాడు. ఎడ్లు కట్టిన బండి వాకిట్లోనే ఉంది. అది పొలానికి పోవాలన్నారు.

మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోశారు. నర్సంపేట దాకా ఎనిమిది మైళ్లు. నేను పసిపిల్లను ఎత్తుకుని పక్కన నడిచాను. చిలుకమ్మ ఒళ్లు విల్లులా వంగిపోతోంది. దారిలో పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపుకు చిలుకమ్మ రవిక పాలతో తడిసింది. తల మాత్రం ఇటు తిప్పలేకపోయింది. కళ్లు తిప్పి చూసింది.

దవాఖానలో డాక్టరు మడమ చూసి, ధనుర్వాతమన్నాడు. చేతనైనంతా చేశాడు. మర్నాటి మధ్యాహ్నానికి చిలుకమ్మ పోయింది.

మట్టి చేసి వచ్చిన మర్నాడే వెంకట్రాజం మళ్లీ వచ్చాడు. "దొరవి ఎనుక ఏసిన రెండు వందల కట్టలు నీళ్లల్లనే ఉన్నయి. పాండ్రి."

ఎవరూ కదల్లేదు. అతను తిట్టుకుంటూ పోయాక వాడంతా సోమక్క వాకిట్లో చేరింది.

"మన కట్టలు గూడ అండ్లనే ఉన్నయి," అన్నాడు ముసలి రాయమల్లు. "దిగకుంటే మనయి గూడ కుళ్లుతయి. ఎడ్లను కట్టేసే తలుగులెక్కడివి? దొరతోని పెట్టుకుంటే బతుకుతమా?"

"దిగితే బతికిందా చిలుకమ్మ?" బక్కమ్మ అరిచింది. పసిపిల్ల ఆమె రొమ్ము దగ్గరే ఉంది. తన బిడ్డతో పాటు దానికీ పాలిస్తోంది.

"పోలీసులొస్తరు," అన్నారెవరో.

"రానీ. వాళ్లనే ఒలువుమను!"

అరుపులు, ఏడుపులు. చివరికి అందరూ సోమక్క వైపు తిరిగారు. ఆమె నేలకేసి చూస్తూ అంది: "మనయి కుళ్లనియ్యుండ్రి. దొరయి కుళ్లనియ్యుండ్రి. ఇంకో ఆడపిల్ల అండ్ల దిగద్దు. గంతే."

రాయమల్లు తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. "సరే బిడ్డా," అన్నాడు.

నాలుగో రోజు పోలీసు జీపు వచ్చింది. ఆడవాళ్లందరినీ కుంట గట్టుకు తోలారు.

"నీళ్లల్ల దిగుతరా, జీపెక్కుతరా?" అన్నాడు ఎస్సై.

సోమక్క జీపెక్కింది. వెనకే బక్కమ్మ, ఇద్దరు పసివాళ్లతో. తరువాత ఇంకొకరు, ఇంకొకరు. జీపు నిండిపోయింది. మిగిలినవాళ్లు ఠాణా దాకా దాని వెనక నడిచారు. ఈసారి నేను గట్టు మీద నిలబడలేదు.

మమ్మల్ని మూడు రోజుల్లో వదిలారు. సోమక్కను పదిహేను రోజులుంచారు. కుడి మణికట్టు విరగ్గొట్టి పంపారు. ఇక ఆ చేత్తో తాడు పేనలేదు. వస్తూనే, "పొల్ల పాలు తాగుతాందా?" అని అడిగింది. అప్పుడు మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. బిడ్డ పోయిన రోజు కూడా అలా ఏడవలేదు.

అప్పటికి కుంటలో దొర నార బురదైపోయింది. వాడవాళ్లది కూడా.

వారం తిరక్కుండా పక్క ఊరి నుంచి కబురొచ్చింది. అక్కడి దొర కుంటలో ఆడవాళ్లను నాలుగు రోజులుగా నిలబెట్టారట. సోమక్క మనవరాలిని చంకనేసుకుని బయలుదేరింది. నేనూ వెళ్లాను.

"ఏం చెప్తవు పెద్దమ్మా?" అని దారిలో సోమక్కను అడిగాను.

"నాకేం చెప్పొస్తది బిడ్డా. నా బిడ్డ ముచ్చట చెప్త."

గట్టు మీద దొర మనుషులు కర్రలతో ఉన్నారు. సోమక్క వాళ్లను చూడనైనా లేదు. నీళ్లలో ఉన్న ఆడవాళ్లను చూసింది.

"నా బిడ్డ పేరు చిలుకమ్మ," అంది. "ఇసొంటి నీళ్లల్లనే దించిండ్రు. ఇగో, దీని తల్లే. పానం పోయింది."

విరిగిన మణికట్టుతోనే పసిపిల్లను రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. గట్టు మీద ఎవడో, "నోరు ముయ్యి," అని అరిచాడు.

నీళ్లలో నుంచి ఒకామె చేతిలోని గోగు కట్టను వదిలేసి గట్టెక్కింది. ఆమె వెనక ఇంకొకామె. నల్లటి నీళ్లు కారుతున్న చీరలతో, ఒక్కొక్కరే, అందరూ.