పనికొస్తుంది

మోకాలు మంచం పట్టెకి ఆనించి, రెండు చేతులూ అతని వీపు వెనక్కి పోనిచ్చి వేళ్ళు బిగించింది.

"ఊఁ, పట్టుకో."

అతను ఎడమచెయ్యి ఆమె మెడ చుట్టూ వేశాడు. కుడిచెయ్యి ఎప్పటిలాగే పక్క మీద పడి ఉంది. ఆమె పళ్ళు కరిచిపెట్టి వెనక్కి వాలింది. మంచం కిర్రుమంది. మనిషి లేచాడు, తల వచ్చి ఆమె భుజం మీద వాలింది. పక్క వేడి, తలనూనె వాసన, మెడకు గరగరా తగిలే గడ్డం. కూర్చోబెట్టాక కూడా అతను వెంటనే చెయ్యి వదలడు. కళ్ళు తిరుగుతున్నాయేమోనని ఆమె కూడా తొందరపెట్టదు. రోజూ తెల్లవారగానే ఇది ఇలాగే జరుగుతుంది.

ఆమె బట్టల లోపల పొత్తికడుపు చుట్టూ పాత దుప్పటి చింపి చేసిన పట్టీ కట్టుకుంది. లేపిన ప్రతిసారీ కింద ఏదో జారి బయటికి వస్తున్నట్టు ఉంటుంది. ఉన్నట్టు ఏమిటి, వస్తుంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ చూసి, "గర్భసంచి జారిందమ్మా. ఆపరేషన్ చేయించుకోవాలి. తర్వాత కొన్నాళ్ళు నీళ్ళ బకెట్టు కూడా ఎత్తకూడదు" అంది. "బకెట్టు సంగతి సరేనండీ, మనిషిని ఎత్తొచ్చా?" అని నవ్వేసి వచ్చేసింది. ఇంట్లో మాత్రం ఈ సంగతి చెప్పలేదు. చెబితే అతను ఏం చెయ్యగలడు, బాధపడటం తప్ప?

నాలుగంతస్తుల ఆ అపార్ట్‌మెంట్‌లో మెట్లు కడగడం ఆమె పని. కార్లు పెట్టే చోటికి వెనక ఒక్క గది ఇచ్చారు. ఫ్లాట్లవాళ్ళు ఆమెను అతుకులమ్మ అంటారు. ఎవరు ఏది పారేసినా తెచ్చి, దానికి ఇంకోటి అతికించి, ఏదో ఒకటి చేస్తుంది గనక. అతను ఇళ్ళకు రంగులేసే మేస్త్రి. ఒంట్లో బాగున్న రోజుల్లో ఈ గదిలోకి వస్తూనే తిట్లు మొదలుపెట్టేవాడు.

"ఇది ఇల్లా, పాత సామాన్ల కొట్టా? కాలు పెట్టే చోటేదే?"

"ఉండనీయవయ్యా, పనికొస్తుంది."

"దేనికి? నా తలకా?"

ఆమె లేనప్పుడు అవి తీసుకెళ్ళి గోడ అవతల విసిరేసేవాడు. ఆమె మళ్ళీ తెచ్చేది. కాలు వంకరపోయిన ఇస్త్రీ బల్ల ఒకటి అలా రెండుసార్లు వెళ్ళి రెండుసార్లు వచ్చింది.

తర్వాత ఒకరోజు నిచ్చెన మీద ఉండగానే అతనికి కుడిపక్క పడిపోయింది. మాట కూడా సగం పోయింది. ఇప్పుడు ఆ ఇస్త్రీ బల్లే మంచానికి అడ్డంగా నిలబడి అతని భోజనాల బల్ల అయింది. ఎత్తు కావాలంటే పెరుగుతుంది, వద్దంటే దిగుతుంది. మొదటిసారి దాని మీద కంచం పెట్టి, "ఇప్పుడు చెప్పు, ఎవరు గెలిచారు?" అని అడిగింది. అతను ఎడమచేత్తో కంచాన్ని దగ్గరికి లాక్కున్నాడు, అంతే.

పగిలిన ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కాల్చిన కత్తితో గుండ్రంగా కోసి, అంచుకు పాత సైకిల్ ట్యూబు చుట్టి దొడ్డికి కుర్చీ చేసింది. నూనె డబ్బా మూతిని ఏటవాలుగా కోసి ఒంటేలుకు పెట్టింది. మంచానికి సైకిల్ గంట బిగించింది, అవసరమైతే కొట్టమని. నడుం కింద పుండ్లు పడకుండా చిన్నపిల్లలు ఈతకు వేసుకునే గాలి ట్యూబు పెట్టింది. దాని నిండా పసుపు బాతుల బొమ్మలు. "రాజుగారు ఏనుగుల మీద ఊరేగుతారు, మా ఆయన బాతుల మీద" అనేది. మొదట్లో అతనికి నవ్వొచ్చేది.

ఇక తాడు. మూడు దుప్పట్లు పేని, జానకో ముడి వేసి, మంచం కాళ్ళవైపు కట్టింది. ముడి తర్వాత ముడి అందుకుంటూ తనంతట తాను లేచి కూర్చోవాలని. అదొక్కటే పనికి రాలేదు. రెండో ముడి దాకా వస్తాడు, చెయ్యి వదిలేస్తాడు, దిండు మీద పడిపోతాడు. ఆ తాడు కట్టి ఏడాది దాటింది.

"ఏమయ్యా, ఇవాళ మాత్రం నువ్వు లేవాలి. నాలుగు ముళ్ళు. మధ్యాహ్నం వాళ్ళొస్తారు."

అతను గోడవైపు తిరిగాడు.

వచ్చేది జబ్బుమనుషులను ఉంచుకునే హోమువాళ్ళు. మగవాళ్ళ హాల్లో ఒక మంచం ఖాళీ అయింది. ఎలా ఖాళీ అయిందో ఆమె అడగలేదు. కాళ్ళరిగేలా తిరిగితే ఇన్నాళ్ళకు పిలుపు వచ్చింది. అయితే లేచి కూర్చుని తన చేత్తో తినగలిగినవాళ్ళనే తీసుకుంటారు. ఎత్తి కూర్చోబెట్టడానికి అక్కడ అంతమంది మనుషులు లేరు. పెళ్ళాలు ఆదివారం వచ్చి చూసి పోవచ్చు. అతనికి మాత్రం, "అక్కడ వ్యాయామం చేయిస్తారట, నడిపిస్తారట, నాలుగు నెలలు ఉండి రా" అని చెప్పింది. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరైనా తిరిగి ఇంటికి వచ్చినట్టు ఆమె వినలేదు.

టీ చల్లార్చి తాగించి, గంట చేతికి అందేలా తిప్పి, బకెట్టు తీసుకుని పైకెక్కింది. నీళ్ళు సగమే పట్టుకుంది. సగం బకెట్టుతో కడిగితే రెండింతలు తిరగాలి.

రెండో అంతస్తులో టీచరమ్మ విరిగిన గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అతుకులమ్మా, దీన్ని ఏం చేస్తావో చూస్తాను."

"గుడ్డ సంచికి పనికొస్తుందమ్మా. ఊచలు బట్టలారేసుకోడానికి."

"మా ఆయన్ని కూడా ఇచ్చేస్తాను, ఏమన్నా చేసిపెట్టు."

"మగాళ్ళని తీసుకోవట్లేదమ్మా. ఇంట్లో ఒకటుంది, దానికే అతుకులు వెయ్యలేక చస్తున్నా!"

టీచరమ్మ పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వబోయి, కింద పట్టుకున్నట్టయి, తడి మెట్టు మీదే కూర్చుండిపోయింది.

"ఏమైందే?"

"నడుమమ్మా. నవ్వితే పడుతుంది."

కింద వాచ్‌మన్ గొడుగు చూసి ఊరుకోలేదు. "అక్కా, చెత్తంతా నువ్వే పట్టుకుపోతే చెత్తబండి వాడు ఏం తిని బతకాలి?" అన్నాడు. ఆమె గొడుగు చంకలో పెట్టుకుని నడిచింది. గదిలోకి వెళ్ళి అతనికి ఒళ్ళు తుడిచి, గడ్డం గీసి, ఉన్నవాటిలో మంచి చొక్కా తొడిగింది. కుడిచెయ్యి దూర్చేటప్పుడు పిల్లాడి చెయ్యి దూర్చినట్టు వేళ్ళన్నీ కలిపి పట్టుకుంది. ఆ పూట గడ్డం చాలా నున్నగా గీసింది.

చెప్పినవేళకే వ్యాను వచ్చింది. హోము మేడం ఆమె వయసుదే, మోకాళ్ళ నొప్పులేమో కాస్త ఊగుతూ నడుస్తోంది. వెనకే ఒక బలమైన మనిషి కొత్త చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు. ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు.

మేడం గదంతా చూసింది. ఇస్త్రీ బల్ల పైకి కిందికి జరిపింది. బాతుల ట్యూబు నొక్కింది.

"ఇవన్నీ ఎవరు చేశారమ్మా?"

"నేనేనండి. పారేసినవే అన్నీ."

"ఓపిక గలదానివి. అక్కడ గాలి పరుపు ఉంది, ఇవేవీ తేనక్కర్లేదు."

బ్రెడ్డు ముక్క ఇస్తే అతను ఎడమచేత్తో తిన్నాడు. పొడి కూడా రాలలేదు. మేడం తలూపింది.

"ఇప్పుడు లేచి కూర్చోండి బాబాయ్."

తాడు పట్టుకున్నాడు. ఒక ముడి. రెండో ముడి. వదిలేశాడు. దిండు మీద పడ్డ తల గోడవైపు తిరిగింది.

"ఇంకొక్కసారి."

మళ్ళీ అంతే. మూడోసారి అడిగితే కళ్ళు మూసుకున్నాడు.

మేడం లేచింది. "ఏమనుకోకమ్మా. నేనొక్కదాన్నే అయితే సరేననేదాన్ని. ఆ మంచానికి ఇంకా ఇద్దరు కాచుకుని ఉన్నారు."

కుర్చీ పట్టుకున్న మనిషి దాన్ని వెనక్కి తిప్పాడు. అతుకులమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వెళ్ళకండమ్మా. నేను లేపలేను."

"రోజూ నువ్వే లేపుతున్నావు కదా?"

"లేపుతున్నాను. లేపినప్పుడల్లా నాకు లోపలిది బయటికి వచ్చేస్తోంది. చేత్తో లోపలికి తోసుకుని, గుడ్డ బిగించుకుని మెట్లెక్కుతున్నాను. ఈ మధ్య నెత్తురు కూడా పడుతోంది. ఆపరేషన్ చేయించుకోమన్నారు. నేను పడుకుంటే ఈయన్నెవరు చూస్తారమ్మా? చెప్పుకోవడానికి కూడా సిగ్గే..."

కుర్చీ మనిషి తల తిప్పుకుని బయటికి చూశాడు. మేడం సంచి జిప్పు మూస్తోంది. అప్పుడు మంచం కిర్రుమంది.

ముగ్గురూ వెనక్కి తిరిగారు. అతను తాడు పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చెయ్యి వెతుక్కోలేదు, ఆగలేదు. ముడి ఎక్కడుందో దానికి చూడకుండానే తెలుసు. కూర్చున్నాక ఎడమ పాదాన్ని కుడి మడమ కిందికి పోనిచ్చి, చచ్చిన కాలును కూడా ఎత్తి, రెండు కాళ్ళూ మంచం కిందికి దించాడు. అలా చెయ్యమని అతనికి ఎవరూ నేర్పలేదు. ఆయాసం కూడా లేదు.

ఆమె తాడు వంక చూసింది. మూడో ముడి, నాలుగో ముడి చేతి జిడ్డుకు నల్లగా, నున్నగా అయిపోయి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఉతుకుదామనుకుంటూనే ఉంది, ఎందుకు మాశాయో మాత్రం ఆలోచించలేదు.

"ఎప్పట్నుంచయ్యా?"

అతని నోరు ఒక పక్కకు లాగింది. మాట కోసం చాలాసేపు పట్టింది.

"నువ్వు... లేపు... తావని."

చెయ్యి చాచి ఆమె పొట్ట మీద, బట్ట కింద పట్టీ ముడి ఉన్నచోట తడిమాడు.

"చెప్... పొద్దూ?"

ఆమె ఆ చెయ్యి అక్కడే పట్టుకుంది. తర్వాత మేడం వైపు తిరిగి గబగబా అంది. "లేస్తున్నాడు కదమ్మా. చూశారుగా. ఇంకేం ఇబ్బంది లేదు, నేనే చూసుకుంటాను. ఆ మంచం వాళ్ళకే ఇచ్చెయ్యండి."

"లేచి కూర్చుంటే సరిపోతుందా? కుర్చీలోకి దించాలి, కడగాలి, మళ్ళీ పడుకోబెట్టాలి" అంది మేడం నెమ్మదిగా. "నెత్తురు పడుతోందంటున్నావు."

"అది నేను చూసుకుంటా..."

అతను చెయ్యి విడిపించుకున్నాడు. చక్రాల కుర్చీ వైపు వేలు చూపించాడు.

"పద" అన్నాడు ఆ మనిషితో. ఆ మాట మాత్రం ఎక్కడా తెగలేదు.

ఆ మనిషి కుర్చీ కవరు పట్టుకుని పైనుంచి కిందికి చింపాడు. పెద్ద కవరు, అద్దంలా ఉంది. "ఇదెక్కడ పారెయ్యమంటారమ్మా?" అన్నాడు.

"పారెయ్యకు. అక్కడ పెట్టు, పనికొస్తుంది." ఆమె ప్రమేయం లేకుండానే నోరు అనేసింది.

అలవాటుగా మోకాలు మంచానికి ఆనించి చేతులు చాచబోయింది. "మీరు ముట్టుకోకండమ్మా" అని ఆ మనిషి అడ్డొచ్చి, చంకల కింద పట్టి ఒక్క ఊపుతో అతన్ని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. అతని తల ఎవరి భుజం మీదా ఆనలేదు. ఆమె చొక్కా మడతలు సర్ది, పైబొత్తం పెట్టి, ఆ బొత్తాన్నే మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టింది.

"ఆదివారం వస్తాను" అంది.

అతను తలూపాడు. కుర్చీ కార్ల మధ్య నుంచి వెళ్ళింది. వ్యాను ఎక్కించేటప్పుడూ కదిలేటప్పుడూ అతను ఇటు చూడలేదు. చూస్తే దిగిపోతాడని ఆమెకు తెలుసు. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడి, చేతిలో బీడీ ఆర్పేశాడు.

వ్యాను వెళ్ళిపోయాక కూడా ఆమె అక్కడే చాలాసేపు ఉంది. మెట్లు ఇంకా రెండంతస్తులు మిగిలాయని గుర్తొచ్చింది. ఇవాళ్టికి ఉండనీ అనుకుంది. అలా అనుకోవడం ఆమెకు అలవాటు లేదు. గది దగ్గరికి నడిచింది. వాచ్‌మన్ వెనకే వచ్చాడు, గుమ్మం వైపు చూపించాడు.

"మంచి కవరక్కా. గట్టిది. లోపల పెట్టుకో, గాలికి పోతుంది."

ఆమె విన్నట్టు లేదు. దాన్ని దాటి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. వాచ్‌మన్ ఇంకో నిమిషం నిలబడి గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు. గుమ్మం పక్కన ఆ కవరు కాస్త గాలి వచ్చినప్పుడు నిండుగా ఉబ్బుతూ, పోయినప్పుడు మెల్లగా అణిగిపోతూ, తీసేవాళ్ళు లేక అలాగే పడి ఉంది.