ఆరో మలుపు దగ్గర సుత్తి తాత

పళ్ల డాక్టరమ్మ చేతులకు వణుకంటే తెలియదని ఊళ్లో అందరూ అంటారు. పాతికేళ్లుగా రోజుకు పదిమంది చేత నోళ్లు తెరిపించి, రెండంగుళాల చోటులో వెంట్రుకవాసి తేడా రాకుండా పనిచేసిన చేతులవి. అయితే మనిషన్నాక ఎక్కడో ఒకచోట కాళ్లు చాపుకోవాలి. ఆమె కాళ్లు చాపుకునే చోటు ఊరికి గంట దూరంలో ఉన్న రేసు ట్రాకు.

నలభై రెండో ఏట, పిల్లలు ఎవరి చదువుల్లో వాళ్లు పడ్డాక, ఒక నీలం రంగు స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండులో కొనుక్కుంది. రెండే సీట్లు. ఎక్కాలంటే నడుం వంచాలి, దిగాలంటే దేవుణ్ణి తలుచుకోవాలి. ఏడాదికి ఐదారుసార్లు ఆ ట్రాకును మామూలు జనానికి వదులుతారు. పోటీ లేదు, బహుమతి లేదు. ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, విడతకు ఇరవై నిమిషాల చొప్పున చుట్లు తిరగడమే. ఆ ఇరవై నిమిషాల్లో ఆమెకు క్లినిక్కు గుర్తుండదు, ఇల్లు గుర్తుండదు, మోకాలి నొప్పి కూడా గుర్తుండదు.

భర్త హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా వెంట రాలేదు.

"నువ్వక్కడ గిరగిరా తిరుగుతుంటే నా కళ్లిక్కడ తిరుగుతాయి. వెళ్లిరా. వచ్చాక మాత్రం నాకేమీ చెప్పకు" అనేవాడు.

అందుకని ఆమె ఇంటికొచ్చి ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది: "బాగా జరిగింది."

ట్రాకు చుట్టూ తొమ్మిది చోట్ల జెండాలు పట్టుకుని నిలబడేవాళ్లుంటారు. పసుపు జెండా ఊపితే ముందేదో ప్రమాదం ఉంది, మెల్లగా పొమ్మని. ఎర్రజెండా అంటే అందరూ ఆగమని. నల్లజెండా మాత్రం ఒక్కరికే. కారు నంబరు రాసిన పలకతో కలిపి చూపిస్తారు. నువ్వే, బయటికి రా అని దానర్థం. క్లాసులో పేరు పెట్టి లేపి బెంచీ ఎక్కించినట్టుంటుంది.

ఆరో మలుపు దగ్గర జెండా పట్టుకునే పెద్దాయన్ని అందరూ సుత్తి తాత అంటారు. డాక్టరమ్మ ఆయనతో ఎన్నడూ మాట్లాడలేదు. ఆ పేరు వినే, దొరికినవాళ్లకల్లా సుత్తి కొట్టే రకమనుకుని, క్యాంటీన్ దగ్గర కనిపిస్తే పక్కనుంచి తప్పుకునేది.

ఆ శనివారం పొద్దున మొదటి విడతలో మూడు చుట్లు తిరిగిందో లేదో, ఆరో మలుపు దగ్గర నల్లజెండా కనిపించింది. పక్కన పలక మీద ముప్ఫై ఒకటి. తన నంబరే. తప్పేం చేశానో అనుకుంటూ కారు లోపలికి తెచ్చింది.

ట్రాకు మేనేజరు ఎదురొచ్చాడు. "మీ తప్పేం లేదు డాక్టర్‌గారూ. ఎడమవైపు వెనక చక్రం దగ్గర ఏదో చప్పుడొస్తోందని తాత వైర్‌లెస్‌లో చెప్పాడు."

మెకానిక్ వచ్చి బోల్టులన్నీ బిగించి చూశాడు. టైరును రెండు చేతులా పట్టుకుని ఊపాడు. "గుండ్రాయిలా ఉంది మేడమ్" అన్నాడు. ఈలోగా ఆ విడత కాస్తా అయిపోయింది.

ఆమెకు ఒళ్లు మండింది. విరామంలో కంచె వెనక దారి పట్టుకుని ఆరో మలుపు దాకా నడిచి వెళ్లింది. పెద్దాయన మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"చప్పుడు విన్నది మీరేనా?"

"నేనేనమ్మా."

"లోపల కూర్చున్న నాకే వినపడలేదు. అన్ని ఇంజన్ల మోతలో, ఇంత దూరం నుంచి మీకు వినపడిందా?"

"బ్రేకు తొక్కినప్పుడు వినపడిందమ్మా. ఖంగుమనలేదు. పగిలిన కుండను తట్టినట్టు, మొద్దుగా మోగింది."

ఆయన ఎడమ చెంపను అరచేత్తో అదిమి పట్టుకుని నోటి పక్కనుంచి మాట్లాడుతున్నాడు. తనను చూసి నవ్వు ఆపుకుంటున్నాడనిపించింది ఆమెకు.

"మెకానిక్ చూశాడు. ఏమీ లేదు."

"ఉందమ్మా."

"లేదంటున్నానా!"

"సరే తల్లీ. లేకపోతే అంతకన్నా ఏం కావాలి?"

ఆయన కూడా గొంతు పెంచి ఉంటే బాగుండేది. ఆ మెత్తదనం ఆమెకు మరింత కారం రాసినట్టయింది.

రెండో విడత మొదలైంది. కోపంలో మొదటి చుట్టు చెడగొట్టుకుంది. రెండో చుట్టులో చేతులు దారిలో పడ్డాయి. మూడో చుట్టులో ఆరో మలుపు ముందు బ్రేకు మీద కాలు వేసిందో లేదో, మళ్లీ నల్లజెండా. మళ్లీ ముప్ఫై ఒకటి. ఈసారి పెద్దాయన కుర్చీలోంచి లేచి, జెండాను నెత్తిమీదికెత్తి చూపిస్తున్నాడు.

కారు లోపలికి వచ్చేసరికి అక్కడ నిలబడ్డ నలుగురూ నవ్వారు. వాళ్లలో ఒక ఎర్రకారు ఆసామి ఊరుకోలేదు. "తాత మీమీద పగబట్టినట్టున్నాడు డాక్టర్‌గారూ! ఎప్పుడైనా పన్నుగాని పీకారా?"

మేనేజరు వైర్‌లెస్ ఎత్తి, "తాతా, పొద్దునే చూశాం కదా, బాగానే ఉంది" అన్నాడు.

బరబర మోతలోంచి జవాబు వచ్చింది. "పైపైన చూస్తే ఏం తెలుస్తుంది? చక్రం ఊడదీసి చూడమను. నా మాట తప్పయితే జెండా అక్కడ పెట్టి ఇంటికి పోతా. మళ్లీ రాను."

మేనేజరు తల గోక్కున్నాడు. పదేళ్లలో తాత అంత మాట ఎప్పుడూ అనలేదు. "ఎత్తండి" అన్నాడు మెకానిక్‌తో.

జాకీ మీద కారు లేచింది. చక్రం ఊడి వచ్చింది. మెకానిక్ టార్చి పట్టుకుని లోపలికి వంగి చాలాసేపు లేవలేదు. లేచాక అతని మొహంలో నవ్వు లేదు.

"మేడమ్, ఒకసారి ఇలా వంగి చూడండి."

చక్రాన్ని కారుకు పట్టి ఉంచే ఇనప చెయ్యి ఒకటుంటుంది, ఆర్మ్ అంటారు. దాని అడుగున, బురద తుడిచిన చోట, తలవెంట్రుకంత గీత. మెకానిక్ సన్నటి గడ్డపార లాంటిది ఆనించి మెల్లగా నొక్కాడు. గీత పెదాల్లా విచ్చుకుంది. లోపల సగానికి పైగా తుప్పు పట్టి నల్లగా ఉంది. ఆ పైన గోరంత మేర అప్పుడే తెగినట్టు తళతళలాడుతోంది.

"నల్లగా ఉన్నదంతా ఎప్పుడో పోయింది. మెరిసేది ఇవాళ పోయింది" అన్నాడు మెకానిక్.

"ఇంకా ఎంతసేపు ఆగేది?"

"ఒక చుట్టో, ఐదు చుట్లో. ఆరో మలుపు తర్వాత ఏముందో మీకు తెలుసు కదా మేడమ్."

ఆమెకు తెలుసు. ఆరో మలుపు తర్వాత సూటి దారి. అక్కడ ఆమె కారు గంటకు రెండు వందల పది కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. దాని చివర గోడ.

డాక్టరమ్మ పక్కనున్న టైర్ల దొంతర మీద కూలబడింది. మెకానిక్ నీళ్ల సీసా ఇస్తే మూత తీయలేకపోయింది. చేతులు వణుకుతున్నాయి. ఎర్రకారు ఆసామే మాట్లాడకుండా మూత తీసి ఇచ్చాడు.

మధ్యాహ్న విరామంలో ఆమె మళ్లీ అదే దారిన నడిచింది. దారిలో ఎన్నో మాటలు కూడబలుక్కుంది. తీరా ఎదురుపడ్డాక ఒక్కటే వచ్చింది.

"చిట్లిందండీ. మీరన్నట్టే."

"ఎంత?"

"సగం పైన."

పెద్దాయన కుర్చీలో కూర్చుని గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. "హమ్మయ్య! నా చెవులే పోయాయేమోనని పొద్దుట్నుంచీ ఒకటే బెంగమ్మా. మూడుసార్లు పిలిస్తే గాని పలకనని ఇంట్లో మా ఆవిడతో రోజూ పోట్లాటే."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నేలమీదే చతికిలబడి కళ్లు తుడుచుకుంది. ఆయన తన ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు.

"అసలెలా విన్నారండీ?"

"రైల్వేలో ముప్ఫై నాలుగేళ్లు అదే పనమ్మా. బండి స్టేషన్లో ఆగిన పది నిమిషాల్లో, పొడుగు కాడ సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి వినడం. మంచి చక్రం గంటలా మోగుతుంది. చిట్లింది గొంతు పూడుకుపోయినట్టు పలుకుతుంది. రిటైరయ్యాక ఇంట్లో తోచక ఇక్కడికొచ్చా. ఇక్కడా చక్రాలే కదా."

"అయితే సుత్తి తాతంటే అదా! నేను ఇంకోటనుకున్నాను."

"ఇంకోటి కూడా నిజమేనమ్మా. మొదలుపెడితే ఆపను."

"చిట్లినవి ఎన్ని పట్టుకున్నారు?"

"పదకొండు."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "పదకొండు రైళ్లా? వాటిలో ఎంతమంది ఉండి ఉంటారు!"

"ఎవరికి తెలుసు? పెట్టె మార్చేదాకా బండి కదలదు కదా, జనం తిట్టుకునేవాళ్లు. ఒకావిడ కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. మంచి మాటకారి."

డాక్టరమ్మకు పాత రైలు ప్రయాణాలు గుర్తొచ్చాయి. చదువుకునే రోజుల్లో నాలుగేళ్లు రైల్లో తిరిగిన మనిషి తను. పై బెర్తు మీద మగత నిద్రలో ఎక్కడో కింద టంగు టంగుమని వినపడేది. ఆ చప్పుడు వెనక ఒక మనిషి ఉంటాడని ఏనాడూ అనుకోలేదు. బండి ఆలస్యమైతే తానూ తిట్టింది.

"పొద్దున మీతో అలా మాట్లాడకుండా ఉండాల్సింది. ఏమనుకోకండి" అంది.

"ఆవిడతో పోలిస్తే మీరు తిట్టింది తిట్టే కాదమ్మా" అన్నాడాయన. అంటూనే మొహం చిట్లించి చెంప పట్టుకున్నాడు.

అప్పుడు గాని ఆమె కళ్లు తెరుచుకోలేదు. "పన్నా?"

"నెల్లాళ్లయిందమ్మా. ఏ పన్నో తెలిసి చావదు, ఈ పక్కంతా లాగేస్తుంది. మీలాంటివాళ్ల దగ్గరికి రావాలంటేనేమో భయం."

"అంత వేగంతో వచ్చే కార్ల పక్కన నిలబడతారు, పళ్ల డాక్టరంటే భయమా?"

"కార్లు నా నోట్లో వేళ్లు పెట్టవు కదమ్మా!"

ఆమె క్యాంటీన్ నుంచి టీ చెంచా, వేడినీళ్లు తెప్పించి, చేతులు కడుక్కుని, చెంచాను తొలిచి, ఆయన నోరు తెరిపించింది. చెంచా కాడతో ఒక్కో పన్ను మీదా చిన్నగా తట్టుకుంటూ వెళ్లింది. "ఇదా? ఇదా?" చివరి నుంచి రెండో పన్ను మీద తట్టేసరికి ఆయన కుర్చీలోంచి జానెడెత్తు లేచాడు.

"పైకి బాగానే ఉంది. లోపల చిట్లింది" అందామె.

ఆయన కళ్లలో నీళ్లతోనే నవ్వాడు. "అంటే మీదీ సుత్తి పనేనన్నమాట!"

ఆ సాయంత్రం నీలం కారు లారీ మీద ఇంటికొచ్చింది. మాస్టారు గేటు దగ్గర నిలబడి లారీనీ భార్యనీ మార్చి మార్చి చూశాడు. ఈసారి ఆమె "బాగా జరిగింది" అనలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి మొదట్నుంచీ చివరిదాకా చెప్పింది.

"మానెయ్యమంటారు కదా?" అంది చివరికి.

"అంటాను. అనకుండా ఉంటానా?" అన్నాడాయన. "ముందు ఆయన్ని నాకు చూపించు."

సోమవారం పెద్దాయన భార్యను వెంటబెట్టుకుని క్లినిక్కుకు వచ్చాడు. గంటన్నర పని. అయ్యాక దూది కరుచుకుని మాట్లాడకుండా కూర్చున్న మొగుణ్ణి చూసి ఆవిడ మురిసిపోయింది. "ఈయన నోరు తెరిపించడం ఎవరికైనా చేతవుతుంది డాక్టరమ్మా. మూయించింది మీరొక్కరే."

ఆరువారాల తర్వాత కొత్త ఆర్మ్ బిగించిన కారుతో ఆమె మళ్లీ ట్రాకుకు వెళ్లింది. పక్క సీట్లో మాస్టారు ఉన్నాడు. దారి పొడవునా తలుపు పైన పిడి వదల్లేదు. చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి, పెద్దాయన ఎదురుగా నిలబడ్డాక ఆ కాగితం తీయనే లేదు. ఆయన రెండు చేతులూ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పెద్దాయనే కంగారుపడి, "ఎండగా ఉంది బాబూ, నీడలోకి రండి" అన్నాడు.

మధ్యాహ్నం చివరి విడతలో డాక్టరమ్మ ఒక హెల్మెట్ తెచ్చి పెద్దాయనకిచ్చింది. "రండి, ఒక చుట్టు. అంతసేపూ మీ జెండా ఇంకొకరు పట్టుకుంటారు."

పదేళ్లుగా ఆ ట్రాకులో నిలబడ్డాడే గాని, దాని మీద ఒక్కసారీ తిరగలేదట. వద్దు వద్దంటూనే కారు చుట్టూ నడిచాడు. పానా తీసుకుని నాలుగు చక్రాల దగ్గరా తట్టి, తల పక్కకు వంచి విన్నాడు. "పర్వాలేదు" అని ఎక్కి కూర్చున్నాడు.

మొదటి చుట్టు ఆమె నెమ్మదిగా పోనిచ్చింది. రెండో చుట్టులో సూటి దారి రాగానే కాలు అదిమింది. పక్కకు చూస్తే ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు.

"భయంగా ఉందా?" అని అరిచింది.

"లేదమ్మా, వింటున్నా!" అని అరిచాడాయన.

కార్లన్నీ చివరి చుట్టుకు నెమ్మదించాక ఆయన కళ్లు తెరిచాడు. "ముప్ఫై నాలుగేళ్లు చక్రాలకు బాగుందని చెప్పి పంపించానమ్మా. బండి వెళ్లిపోయేది, నేను ప్లాట్‌ఫాం మీద మిగిలేవాణ్ణి. బాగుందని చెప్పిన చక్రం మీద నేను కూడా వెళ్లడం ఇదే మొదలు."

ఆమె కారును ఇంకా నెమ్మది చేసి, అద్దం దించి, చెయ్యి బయటపెట్టింది. మొదటి మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి చెయ్యెత్తింది. రెండో మలుపు దగ్గరా ఎత్తింది. ఎండలో పొద్దుట్నుంచీ నిలబడి ఉన్న ఆ తొమ్మిదిమంది మొహాలనూ ఏడేళ్లలో మొదటిసారి ఒక్కొక్కటిగా చూసింది. వాళ్లు తిరిగి జెండాలూపారు. పక్కన కూర్చున్నది ఎవరో పోల్చుకుని ఒకతను ఈల వేశాడు.