చెయ్యా, మాటా?

ఆసుపత్రి గదిలో ముందు డాక్టర్ ప్రియదర్శిని గారు, ఆమెకు ఎదురుగా నేను, నా వెనుక నా ధర్మపత్ని కనకలక్ష్మి ఆసీనులమయ్యాము. పార్కిన్సన్స్ వణుకు తగ్గేందుకు నా మెదడులో తీగలు, ఛాతీలో బ్యాటరీ అమర్చి నెల గడిచింది. విద్యుత్తు మోతాదు సరిచేయడమే ఆనాటి పని.

డాక్టరు గారు ట్యాబ్‌లో మోతాదు పెంచగానే నా కుడిచెయ్యి నిశ్చలమైంది. పరీక్షకు తెప్పించిన నిండు చాయ్ కప్పును చుక్క తొణకకుండా ఎత్తి తాగి, గర్వంగా కప్పును బల్లపై పెట్టాను.

"చాయ్ ఎట్లుందో చెప్పుండ్రి," అన్నది కనకలక్ష్మి.

చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. మోతాదు పెరిగితే ఒక్కొక్కరికి అలా జరుగుతుందని డాక్టరు గారు వివరించారు. అయినా చెయ్యి బాగుంటే చాలునని నేను సైగ చేశాను.

"వద్దు డాక్టరమ్మా, జర తగ్గించుండ్రి. కప్పు నేను పట్టుకుంట. ఇన్నేండ్ల సంది నా వంటకు వంకలు పెట్టిన నోరు మూగబోతే నాకు పొద్దెట్ల పోతది?"

మోతాదు తగ్గింది. చిటికెనవేలు మళ్ళీ కొద్దిగా వణికింది.

"చక్కెర ఎక్కువైంది," అన్నాను స్పష్టంగా.

"అగో, వచ్చిండ్రు మా సారు," అని ఆమె నవ్వింది.

నా చేతికంటె నా మాటనే కోరి నిలిపినందుకు శ్రీమతి కనకలక్ష్మికి సవినయంగా కృతజ్ఞతలు సమర్పిస్తున్నాను.